జలవిద్యుత్తుకు నీళ్ళే కావాలా?

జలవిద్యుత్తుకు నీళ్ళు కావాలని చాలామంది నమ్మకం. ఉత్త అమాయకత్వం. నీళ్ళు లేకపోయినా పల్లెలో చిన్న జలవిద్యుత్ కేంద్రం కట్టెయ్యొచ్చు. కన్సల్టెంట్ రిపోర్టు లేకపోతే మాత్రం ఇటుక మీద ఇటుక పెట్టలేం. కాబట్టి ముందు కన్సల్టెంటుని వెతుక్కోవాలి. వాగుదేముంది, తర్వాత చూసుకోవచ్చు.

నిజానికి లెక్క చాలా చిన్నది. సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల నీళ్ళు, ఎన్ని మీటర్ల ఎత్తు నుంచి పడుతున్నాయో గుణించి, 9.81తో మళ్ళీ గుణించి, యంత్రాలు తినేసేది తీసేస్తే కిలోవాట్లు వస్తాయి. సెకనుకు 200 లీటర్లు, అంటే 0.2 ఘనపు మీటర్లు, 40 మీటర్ల ఎత్తు, 60 శాతం సామర్థ్యం అనుకుంటే 47 కిలోవాట్లు. బడిపిల్లాడు కూడా చేసేస్తాడు. అందుకే దీన్ని 300 పేజీలకు సాగదీయాల్సి వచ్చింది. ఒక్క పేజీకి ఫీజు ఎవరిస్తారు?

ఎత్తుతో పేచీ లేదు. కొండ ఎక్కడికీ పారిపోదు, మేస్త్రీలు మట్టం చూసే ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు నింపి అంచెలంచెలుగా కొలిచినా సరిపోతుంది. పేచీ అంతా ఆ 200 లీటర్లతోనే. కన్సల్టెంటు వచ్చేది వానలు వెలిశాక. అప్పుడు దారి బాగుంటుంది, వాగు నిండుగా ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. ఓ పుల్లని నీళ్ళలో వదిలి, పది మీటర్లు ఎన్ని సెకన్లలో పోయిందో చూసి, పైపొర వేగం ఎక్కువ కాబట్టి 0.85తో గుణిస్తాడు. పద్ధతి సరైనదే, తప్పు పట్టలేం. కాకపోతే ఏడాది పొడవునా కొలవాలని పుస్తకాల్లో ఉంటుంది. పుస్తకాలు రాసేవాళ్ళకేం, వాళ్ళకి గడువులుండవు. మిగతా 364 రోజుల కోసం అవతలి పెద్ద నది లెక్కలు తెచ్చి, పరీవాహక ప్రాంతం నిష్పత్తిలో కుదిస్తారు. పెద్ద నది వేసవిలో పారుతుంది కాబట్టి మన వాగూ పారి తీరాలి.

ఆ రోజు గట్టు మీద ఒక ముసలాయన నిలబడ్డాడు. నీళ్ళలో మునిగి, సుడి తప్ప ఏమీ కనిపించని చోటుని కర్రతో చూపించి, "అక్కడో బండ ఉంది బాబూ. ఎండాకాలం మా ఆడవాళ్ళు దాని మీదే బట్టలు ఉతుకుతారు" అన్నాడు. ఇంజినీరు నవ్వి, ఫొటోకి అడ్డం రాకుండా కాస్త పక్కకి జరగమన్నాడు. ఆయన సరిగా జరగలేదు. ఆ ఫొటోయే రిపోర్టులో ‘స్థానికులతో సంప్రదింపులు’ అన్న శీర్షిక కింద అచ్చయింది.

ఇక టర్బైన్, అంటే నీళ్ళు తిప్పే చక్రం. అందులో రకాలున్నాయి. ఎత్తు ఎక్కువ, నీళ్ళు తక్కువ అయితే పెల్టన్. 1880లో పేటెంటు పొందిన ఆ చక్రానికి ఇప్పటికీ తిరుగులేదు. ఎత్తు తక్కువ, నీళ్ళు ఎక్కువ అయితే కాప్లాన్. మధ్యరకం ఎత్తులో నీళ్ళు పెరుగుతూ తరుగుతూ ఉంటే క్రాస్‌ఫ్లో నయం, సగం నీళ్ళకీ మర్యాదగా తిరుగుతుంది. వీటన్నిటికంటే పాత సూత్రం ఇంకోటుంది: కిందటి రిపోర్టులో ఏది ఉంటే అదే. అలా ఫ్రాన్సిస్ అనే ఇంకో రకం టర్బైన్ వచ్చింది. ఆ వరసలోనే 118వ పేజీకి వచ్చేసరికి మన వాగు ఇంకో వాగు పేరుతో ప్రవహిస్తుంది. నదులు దారి మార్చుకోవడం భూగోళశాస్త్రం ఒప్పుకున్నదే కదా.

అర్ధరాత్రి గాలివానకి, నీళ్ళు గొట్టంలోకి వెళ్ళేచోట ఉండే జాలీకి ఆకులు అడ్డుపడితే ఎవరు తీస్తారు? నీళ్ళలో ఇసుక దిగే తొట్టి ఎవరు కడుగుతారు? రిపోర్టులో సమాధానం ఒకటే లైను: ‘స్థానిక సమాజం’. స్థానిక సమాజం జీతం మాత్రం ఏ పట్టికలోనూ లేదు. చేపల కోసం వాగులో వదలాల్సిన నీళ్ళు కూడా అంతే.

ఎండాకాలం వచ్చింది. వాగు సెకనుకు 30 లీటర్లకు దిగింది. లెక్క ప్రకారం 7 కిలోవాట్లు రావాలి. అంత తక్కువ నీళ్ళకి ఫ్రాన్సిస్ సామర్థ్యం పడిపోతుంది కాబట్టి అవీ రాలేదు. కబురు పెడితే కన్సల్టెంటు నొచ్చుకుని, ప్రవాహం ఎందుకు తగ్గిందో విడిగా అధ్యయనం చేయాలన్నాడు. వానలు వెలిశాక వస్తాడట.

ఈలోగా బండ తేలింది. బట్టలు ఉతుకుతున్నారు. ఆరేయడానికి కొండ మీంచి కిందిదాకా పెన్‌స్టాక్, అదే టర్బైన్‌కి నీళ్ళు దించే గొట్టం ఉంది, ఎండకి బాగా కాగుతోంది, గంటలో ఆరిపోతున్నాయి. ‘ప్రాజెక్టు వల్ల మహిళలకు ఇంటిపని సులువవుతుంది’ అని సామాజిక ప్రయోజనాల అధ్యాయంలో ముందే రాశారు.