నాబ్ తిప్పితే తీరే తగువు కాదు

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో తెల్లారకముందే మెసేజ్ పెట్టేది మా బాబాయే. మొన్న ఆయన పంపింది పూలబొమ్మ కాదు, శ్లోకమూ కాదు. వేలు నొప్పెట్టేదాకా పైకి జరిపినా తరగని ఫార్వర్డ్. పైన రెండు బాణాల గుర్తు, అంటే అప్పటికే ఎన్నో చేతులు మారి వచ్చిందన్నమాట. వారం తిరక్కుండానే అదే మెసేజ్ మా అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ, పాత క్లాస్‌మేట్ల గ్రూపులోనూ కనబడింది. సారాంశం ఇదీ: ఆకాశవాణిలో, దూరదర్శన్‌లో భక్తి కార్యక్రమాలు ఆపించాలని నాస్తికులు చూస్తున్నారు. అసలు ఈ దేశంలో ప్రభుత్వ మైకు అడిగే హక్కే వాళ్లకు లేదు. ఎందుకు లేదో ఆరు కారణాలు. చివర్లో మామూలే, "పదిమందికి పంపండి".

నేను పదిమందికి పంపలేదు. బాబాయి ఒక్కడికే జవాబు రాద్దామని కూర్చున్నాను. అది పెరిగి ఇంతయింది.

ముందు నా సంగతి చెప్పేస్తాను. ఆకాశవాణిలో పొద్దున్నే వచ్చే భక్తి పాటల కార్యక్రమం భక్తిరంజని విని పెరిగినవాణ్ణి నేను. గుడివాడ దగ్గర పల్లెటూరు మాది. పొద్దున్నే మా నాన్న రేడియో పెట్టి, విజయవాడ కేంద్రం గరగర తగ్గేదాకా ముల్లు అటూ ఇటూ జరిపేవాడు. అమ్మకు గడియారంతో పనిలేదు. తత్వాలు మొదలయ్యాయంటే పాలు పొయ్యి మీద పెట్టే వేళ. ఆ కార్యక్రమానికి ప్రాణం పోసిన బాలాంత్రపు రజనీకాంతరావు గారికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. రేపు ఎవరైనా భక్తిరంజని ఆపేస్తామంటే మొదట ఉత్తరం రాసేది నేనే. దేవుడున్నాడని మాత్రం నాకు ఏనాడూ అనిపించలేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చని ఫార్వర్డ్ రాసినాయనకు తట్టినట్టు లేదు. ఇక ఆయన చెప్పిన ఆరు కారణాలూ ఒక్కొక్కటిగా చూద్దాం.

"సెక్యులర్ అన్న మాట 1976లో ఎమర్జెన్సీలో చొప్పించారు. అసలు రాజ్యాంగంలో లేదు. కాబట్టి ప్రభుత్వ రేడియో మెజారిటీ మతానిదే."

మాట వరకు నిజమే. 42వ సవరణతో పీఠికలోకి వచ్చింది. మాట లేనంత మాత్రాన సరుకూ లేదనుకోవడమే పొరపాటు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జీల ధర్మాసనం తీర్పు చెప్పింది. పార్లమెంటు కూడా చెరపలేని రాజ్యాంగం మౌలిక స్వరూపంలో ఏమేం ఉన్నాయో లెక్కపెడుతూ ప్రధాన న్యాయమూర్తి సిక్రీ దాని సెక్యులర్ స్వభావాన్నీ అందులో చేర్చారు. సవరణకు మూడేళ్ల ముందు సంగతి ఇది. ఆ కేసు వేసినాయన నాస్తికుడేం కాదు, కేరళలో ఎడనీరు మఠాధిపతి! ఆ మాట తీసేయమని వేసిన పిటిషన్లను 2024 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది కూడా.

ఇంకా వెనక్కి వెళ్తే కథ మరీ బాగుంటుంది. 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో పీఠిక మీద చర్చ జరిగింది. అధ్యక్ష స్థానంలో రాజేంద్ర ప్రసాద్. పీఠిక "దేవుడి పేరిట" అంటూ మొదలవ్వాలని హెచ్.వి.కామత్ సవరణ పెట్టాడు. సభలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది పొద్దున లేచి దణ్ణం పెట్టుకునేవాళ్లే. అస్సాం నుంచి వచ్చిన రోహిణీ కుమార్ చౌధురి లేచి, దేవుడి పేరే ఎందుకు, దేవి పేరిట అనాలన్నాడు. కామాఖ్య అమ్మవారి గడ్డ నుంచి వచ్చినవాడు మరి. తిరువాన్కూరు పెద్దమనిషి పట్టం థాను పిళ్లై తాను దేవుణ్ణి నమ్ముతానంటూనే, ఇది ఒప్పుకుంటే నమ్మకాన్ని బలవంతాన రుద్దినట్టవుతుందన్నాడు. నమ్మడానికీ నమ్మకపోవడానికీ మనిషికి హక్కుందన్నది ఆయన వాదన. హృదయనాథ్ కుంజ్రూ కూడా వద్దన్నాడు. కామత్ వెనక్కి తగ్గలేదు, ఓటింగ్ పెట్టించాడు. దేవుడి పేరు కావాలన్నవాళ్లు 41 మంది, వద్దన్నవాళ్లు 68 మంది.

దేవుణ్ణి ఓడించిన సభ అని మా నాస్తికుల్లో కొందరు దీన్ని గొప్పగా చెప్పుకుంటారు. నాకు అలా అనిపించదు. నమ్మనివాడి కోసం నమ్మేవాళ్లు పక్కకు జరిగి చోటిచ్చిన రోజది. చట్టానికే తలమీద దేవుడి పేరు వద్దనుకున్న దేశంలో, ఆ చట్టం కింద నడిచే రేడియో ఒక మతానిదే ఎలా అవుతుంది?

ఇక్కడే మావాళ్లు చేసే పొరపాటు కూడా ఒకటి చెప్పాలి. రేడియోలో దేవుడి పాట వేస్తే 27వ అధికరణం ఉల్లంఘించినట్టేనని వాదించేవాళ్లున్నారు. ఆ అధికరణం ఆపేది, ఒక మతాన్ని పెంచడానికంటూ పన్ను వేయడాన్ని. 2011లో హజ్ సబ్సిడీ మీద వచ్చిన కేసులో కూడా, పన్నుల్లో పెద్ద భాగం ఒక మతానికి పోతే తప్పుగానీ కొద్దిపాటి ఖర్చుతో ఆ అధికరణానికి భంగం రాదని సుప్రీంకోర్టు తేల్చింది. పొద్దున అరగంట పాటలకు ఆ కేసు నిలవదు. నిలవని కేసుతో వెళ్తే నిలిచే మాట కూడా ఎవరూ వినరు.

"నాస్తికత్వం పడమటి సరుకు. మన నేల మీద ఎప్పుడూ లేదు."

ఈ ముక్క దగ్గర నవ్వొచ్చింది. బాబాయి ఏటా శ్రీరామనవమికి రామాయణం పారాయణ చేయిస్తాడు. ఆ రామాయణంలోనే, అయోధ్యకాండలో, భరతుడితో కలిసి అడవికి వచ్చిన జాబాలి రాముడితో ఏమంటాడు? చచ్చినవాళ్ల పేరిట పెట్టే తిండి దండగ, చచ్చినవాడు తింటాడా అంటాడు. ఇక్కడ ఒకడు తిన్నది ఇంకొకడి ఒంటికి పట్టేట్టయితే, ఊరికి వెళ్లేవాడికి ఇంట్లోనే శ్రాద్ధం పెడితే సరిపోతుంది కదా, దారికి చద్దిమూట ఎందుకని అడుగుతాడు. రాముడికి కోపం వచ్చింది, జాబాలిని గట్టిగా చీవాట్లు పెట్టాడు, ఆ తర్వాత జాబాలి మాట మార్చాడు, నిజమే. అయినా ఆ మాటలు కావ్యంలో ఉన్నాయి. ఎవరూ చింపేయలేదు. భారతంలో శాంతిపర్వానికి వస్తే, నాస్తికులకు మారుపేరైన చార్వాకుడి గతి ఇంకా ఘోరం, ధర్మరాజు పట్టాభిషేకం నాడు బ్రాహ్మణుల హుంకారానికి కాలి పడిపోతాడు. ఎక్కడి నుంచో దిగుమతైన సరుకయితే మన ఇతిహాసాలు దాంతో అంత తలపడేవా?

ఇక మన తెలుగునేలే తీసుకుందాం. గోరా అని అందరూ పిలిచే గోపరాజు రామచంద్రరావు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. 1947లో అది విజయవాడకు వచ్చింది. దేవుడు లేడన్నందుకు కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకున్న బ్రాహ్మణుడు ఆయన. అలాంటివాణ్ణి సేవాగ్రామానికి పిలిపించుకుని మాట్లాడినవాడు గాంధీ. గోరా పెద్ద కూతురికి ఒక దళిత యువకుడితో తన ఆశ్రమంలో పెళ్లి చేయించడానికి గాంధీ ఒప్పుకున్నాడు. నమ్మని కుటుంబం కాబట్టి తంతులో దేవుడి మాటకు బదులు సత్యం అని పెట్టుకుందామన్నాడు. పెళ్లి నాటికి ఆయన లేడు. 1948 మార్చిలో సేవాగ్రామంలోనే అది జరిగింది. రోజూ సాయంత్రం ప్రార్థన సభ పెట్టిన మనిషికి నాస్తికుడి పెళ్లి మంత్రం మార్చడం పెద్ద ఇబ్బంది అనిపించలేదు.

"జనాభా లెక్కల ప్రకారం దేశంలో నాస్తికులు 33 వేలు. ఆ గుప్పెడు మందికి రేడియోనా?"

2011 లెక్కల్లో 33,304 అని ఉన్న మాట నిజం. ఆ లెక్క ఎలా పుడుతుందో కూడా చూడాలి. మా ఇంటికి వచ్చిన ఎన్యూమరేటర్ మాస్టారు నా పేరు విని, "హిందువే కదండీ" అని తనే అనుకుని రాసేసుకుని, కాఫీ తాగి పక్కింటికి వెళ్లిపోయారు. నేనూ ఆపలేదు, ఆఫీసుకు టైమైపోతోంది. ఫారంలో మతం లేదు అని చెప్పే గడి విడిగా ఉండదు. పట్టుబట్టి చెప్పినవాళ్లే ఆ 33 వేలు. అసలు మతమే చెప్పనివాళ్లు 28 లక్షలకు పైనే ఉన్నారు. వాళ్లంతా నాస్తికులని నేననను, ఆస్తికులని ఫార్వర్డ్ రాసినాయనా అనలేడు. జనన ధ్రువపత్రాల దగ్గరా మొన్నమొన్నటిదాకా ఇదే తంతు. వాటి దరఖాస్తులో "మతం లేదు, కులం లేదు" అన్న గడి పెట్టమని తెలంగాణ హైకోర్టు 2023లో చెప్పాల్సి వచ్చింది.

పోనీ, 33 వేలే అనుకుందాం. అవే లెక్కల్లో పార్సీలు 57 వేలు. తక్కువమంది కాబట్టి పార్సీలకు రేడియోలో చోటొద్దని ఎవరైనా అంటే బాబాయి ఊరుకోడు.

"బీబీసీయే నాస్తికులను మైకు దగ్గరికి రానివ్వదు. ప్రపంచానికి పాఠాలు చెప్పేవాళ్లే అలా చేస్తే మనకేంటి?"

ఫార్వర్డ్‌లో తెలివైన ముక్క ఇదే. సగం నిజం కాబట్టి. బీబీసీ రేడియో 4లో పొద్దుటి వార్తా కార్యక్రమం మధ్యలో, ఏడూ ముప్పావు ప్రాంతంలో "థాట్ ఫర్ ది డే" అని మూడు నిమిషాల లోపు ప్రసంగం వస్తుంది. 1970 నుంచి నడుస్తోంది. క్రైస్తవులే కాదు, హిందువులు, సిక్కులు, ముస్లింలు, యూదులు, బౌద్ధులు మాట్లాడతారు. మతం లేనివాళ్లకు ఆ మూడు నిమిషాల్లో చోటు లేదు. 2002లో నాస్తిక శాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్‌కు ఒకసారి అదే వార్తా కార్యక్రమంలో వేరే వేళకు మైకిచ్చారు, అంతే. ఇది అన్యాయమని వచ్చిన ఫిర్యాదులను 2009లో, అప్పట్లో బీబీసీని పర్యవేక్షించిన బీబీసీ ట్రస్ట్ తోసిపుచ్చింది.

మిగతా సగం ఫార్వర్డ్‌లో లేదు. 1948 జనవరి 28న, అంటే మన దగ్గర గాంధీ హత్యకు రెండు రోజుల ముందు, బీబీసీ థర్డ్ ప్రోగ్రామ్‌లో తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్, జెస్యూట్ సంఘానికి చెందిన కాథలిక్ ఫాదర్ కోపుల్‌స్టన్ దేవుడున్నాడా లేడా అని వాదించుకున్నారు. ఒకరి మాట ఒకరు శ్రద్ధగా విని, మర్యాదగా విడిపోయారు. తత్వశాస్త్రం చదివే పిల్లలకు ఇప్పటికీ ఆ సంభాషణ పాఠం. 1955 జనవరిలో మార్గరెట్ నైట్ అనే సైకాలజీ లెక్చరర్, దేవుడి భయం లేకుండానే పిల్లలకు మంచీ చెడూ నేర్పవచ్చని అదే బీబీసీలో ప్రసంగాలు చేసింది. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. బీబీసీ మాత్రం ప్రసంగాలు పూర్తి కానిచ్చింది. కాబట్టి ఒక్క కార్యక్రమం తలుపు మూసి ఉంది కానీ ఇల్లంతా తాళం వేయలేదు.

ఇంకొకటి. ఇంగ్లండుకు అధికార చర్చి ఉంది, రాజే దానికి పెద్ద. ఎగువ సభలో 26 మంది బిషప్పులు హోదా కొద్దీ కూర్చుంటారు. అలాంటి చోటే 2021 లెక్కల్లో ఇంగ్లండు, వేల్సుల్లో 37 శాతం మంది మతం లేదని రాయించుకున్నారు, ఆ మూడు నిమిషాల మీద గొడవ ఆగడం లేదు. అధికార మతమే లేని మనం వాళ్ల దగ్గర అరువు తెచ్చుకోవాల్సింది ఆ తాళంకప్పేనా?

"మైకిస్తే దేవుళ్లను తిడతారు. ఆకాశవాణి కోడ్ ఒప్పుకోదు."

మతాల మీద, వర్గాల మీద దాడి చేసే మాటలు ప్రసారం చేయకూడదని కోడ్‌లో ఉంది. మంచిదే, ఉండాలి కూడా. మావాళ్లలో తిట్టడమే వాదన అనుకునేవాళ్లున్నారు, వాళ్ల ఉపన్యాసం వింటే నాకే తలనొప్పి. కానీ తిట్టు వేరు, సందేహం వేరు. రాళ్లకు మొక్కడాన్ని వెక్కిరించిన వేమనను బడిపిల్లల చేత వల్లె వేయించే జాతి మనది. పైగా ఉషశ్రీ గారు ఆకాశవాణిలో ధర్మసందేహాలు చెబుతుంటే ఊళ్లకు ఊళ్లు రేడియోల ముందు కూర్చున్నాయి. ఆ పేరులో రెండు మాటలున్నాయి. రెండో మాటకూ కాస్త చోటివ్వమనే నేను అడుగుతున్నది.

"ఇష్టం లేకపోతే నాబ్ తిప్పుకోండి."

తిరుమల దేవస్థానం వాళ్ల భక్తి చానెల్ గురించైతే ఒప్పుకుంటాను. అది భక్తుల సొమ్ముతో, భక్తుల కోసం 2008 నుంచి నడుస్తోంది. అందులో నాకు వాటా అడగడం అల్లరే. ఆకాశవాణి అలా కాదు. మా నాన్న రేడియో లైసెన్సు పుస్తకం ఇప్పటికీ మా బీరువాలో ఉంది. అట్ట చిరిగి, పేజీపేజీకీ పోస్టాఫీసు ముద్రలతో ఉంటుంది. డబ్బు కట్టించుకునేటప్పుడు నమ్ముతారా నమ్మరా అని ఎవరూ అడగలేదు. లైసెన్సులు పోయాయి, ఇప్పుడు మన పన్నుల్లోంచే వెళ్తోంది. 1995లో క్రికెట్ ప్రసారాల కేసులో, తెలుగువారైన జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి కూడా ఉన్న బెంచి, గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆకాశవాణిని, దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి చట్టం 12వ సెక్షన్ అయితే, తనదంటూ ఏ సిద్ధాంతాన్నీ ప్రచారం చేయకుండా, ఒకదానికొకటి విరుద్ధమైన అభిప్రాయాలను కూడా సమతూకంగా జనం ముందు పెట్టాలంటుంది. చెవులు మూసుకునే హక్కు నాకెప్పుడూ ఉంది. ఆ సెక్షన్ మాట్లాడేది నోటి గురించి.

నేను అడిగేది ఇంతే: వారానికి ఒక రోజు, సాయంత్రం, పది నిమిషాలు. ఒక వారం గోరా జీవితం, ఒక వారం చార్వాకులు, ఇంకో వారం ఒక పండితుడూ ఒక హేతువాదీ ఎదురెదురుగా. పొద్దుటి పాటలు పాటల్లాగే ఉండనీ.

ఇదంతా పంపిన రెండు రోజులకు బాబాయి ఫోన్ చేశాడు. రాజ్యాంగం గురించి, బీబీసీ గురించి ఒక్క ముక్క ఎత్తలేదు.

"ఏరా, ఆ చద్దిమూట మాట నిజంగా వాల్మీకంలో ఉందా?"

"ఉంది బాబాయ్. అయోధ్యకాండ, నూట ఎనిమిదో సర్గ."

ఉండు, కళ్లజోడు తెచ్చుకుంటానని ఫోన్ పెట్టేశాడు.