చోక్సీ ఎవరి పౌరుడైతే ఏం?

అమెరికాలోనో కెనడాలోనో ప్రమాణం చేసి పౌరసత్వం పుచ్చుకున్న మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం, ఇష్టపూర్వకంగా మరో దేశ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. ఎవరి అనుమతీ అక్కర్లేదు. పాత పాస్‌పోర్టు కాన్సులేట్‌కు ఇచ్చి సరెండర్ సర్టిఫికెట్ తెచ్చుకోవడం ఆ తర్వాతి పని. అది లేకపోతే ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు ఇచ్చే కార్డు) రాదు.

వజ్రాల వ్యాపారి మెహుల్ చోక్సీ దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క మారిపోయింది.

మేనల్లుడు నీరవ్ మోదీతో కలిసి పంజాబ్ నేషనల్ బ్యాంకును సుమారు 13 వేల కోట్ల రూపాయలకు ముంచారన్నది ఆయన మీద అభియోగం. ఆయన కాదంటున్నారు. 2017 నవంబరులో పెట్టుబడి పథకం కింద ఆంటిగ్వా పౌరసత్వం సంపాదించి, 2018 జనవరి మొదట్లో దేశం దాటారు. ఏడాది తర్వాత భారత పాస్‌పోర్టును గయానాలోని మన హైకమిషన్‌కు పంపారు, 177 డాలర్ల రుసుముతో సహా. (ఆ విషయంలో మాత్రం మనందరిలాగే చేశారు.)

అసలు గొడవ 2021 మేలో. ఆంటిగ్వాలో కనిపించకుండా పోయిన మనిషి రెండు మూడు రోజుల్లో డొమినికాలో పోలీసులకు దొరికాడు. రెండూ కరీబియన్ దీవులే, రెండూ కామన్వెల్త్ దేశాలే, రెండూ డబ్బు పెట్టినవాళ్లకు పాస్‌పోర్టు ఇచ్చేవే. నన్ను ఎత్తుకొచ్చి పడవలో పడేశారని చోక్సీ వాదన. అప్పుడు ఆంటిగ్వా ప్రధాని గాస్టన్ బ్రౌన్ అన్నది వినండి: ఆయన్ను మా దగ్గరికి పంపొద్దు, అటునుంచి అటే ఇండియాకు పంపించేయండి, ఇక్కడికొస్తే పౌరుడిగా హక్కులుంటాయి! తన పౌరుడని ఒప్పుకుంటూనే, చేతికి మట్టి అంటకుండా పొరుగు దేశంతో పని కానిద్దామన్నారు. ఢిల్లీ నుంచి ప్రైవేటు జెట్‌లో అధికారులు వెళ్లి కూర్చున్నారు. చోక్సీ పౌరసత్వ త్యాగాన్ని మేము ఆమోదించలేదు, కాబట్టి ఆయన ఇంకా భారతీయుడేనని డొమినికా కోర్టుకు చెప్పడానికి అఫిడవిట్లు సిద్ధం చేసుకున్నారు. జెట్ ఖాళీగా తిరిగొచ్చింది. జులైలో కోర్టు వైద్యం కోసం బెయిలిచ్చి ఆయన్ను ఆంటిగ్వాకే పంపింది.

దొంగకు సెక్షన్లేమిటి, ఎలాగోలా పట్టుకొస్తే చాలు కదా అనేవాళ్లు విదేశాల్లోని మన తెలుగు సంఘాల్లోనూ ఉన్నారు. బ్యాంకు డబ్బు పోయిన కోపం అర్థం కానిది కాదు. కానీ తొమ్మిదో సెక్షన్ నాకూ మీకూ దానంతటదే పనిచేసి, ప్రభుత్వానికి కావలసిన మనిషి దగ్గర మాత్రం ఆగిపోతుందా? పౌరసత్వం పోయిందా లేదా అన్న వివాదం వస్తే కేంద్రం తేల్చవచ్చని అదే సెక్షన్‌లో ఉంది, నిజమే. ఆ తేల్చడం విచారణ జరిపి, కారణాలు రాసి చేయాలి. జెట్ సిద్ధం చేసుకున్నాక కాదు.

పైగా ఆ వాదనతో అవసరమే లేదు. నిందితుడు మన పౌరుడైతేనే అప్పగించాలని నేరస్థుల అప్పగింత చట్టాల్లో ఎక్కడా లేదు. ముంబయి 26/11 దాడుల కేసు నిందితుడు, పాకిస్తాన్‌లో పుట్టిన కెనడా పౌరుడు తహవ్వుర్ రాణాను అమెరికా 2025 ఏప్రిల్‌లో భారత్‌కు అప్పగించింది. అదే నెలలో చోక్సీ బెల్జియంలో అరెస్టయ్యారు. ఆంట్‌వెర్ప్ కోర్టుకు పౌరసత్వం గురించి తెలియాల్సింది ఒక్కటే, ఆయన బెల్జియం పౌరుడా కాదా అని. ఎందుకంటే బెల్జియం తన పౌరుల్ని ఇలా అప్పగించదు. కాదని తేలింది. ఇక మిగిలినవి నేరం రెండు దేశాల్లోనూ నేరమేనా, అక్కడ న్యాయంగా విచారిస్తారా, జైలెలా ఉంటుంది వంటి ప్రశ్నలు. ముంబయి ఆర్థర్ రోడ్ జైల్లో ఎక్కడ ఉంచుతారో కూడా భారత్ రాసిచ్చింది. అక్టోబరులో కోర్టు అప్పగింతకు సరేనంది. ఈ ఫైలు పనే ముందునుంచీ గట్టిగా చేసి ఉంటే బాగుండేది.

మన మహాసభలకు రాయబార కార్యాలయం వాళ్లు వస్తూనే ఉంటారు. వీసా క్యాంపులు, ఓసీఐ కష్టాలు ఎప్పుడూ చెప్పుకునేవే. ఈసారి ఇంకో మాట అడగాలి: తొమ్మిదో సెక్షన్ కింద వివాదం వస్తే ఎన్ని నెలల్లో తేలుస్తారు, ఆ నిర్ణయం కాపీ మా చేతికిస్తారా?