తుమ్మి అంటే తుమ్మ కాదు, ద్రోణాచార్యుడి పువ్వు అంతకన్నా కాదు

చవితి నాడు ఇంట్లో తుమ్మికూర వండినం. ఫొటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టిన. పెట్టిన పాపానికి రెండు రోజుల నుంచి జవాబులు చెప్పుకుంట కూర్చున్న.

మొదట పట్నంల ఉండే మా చిన్నబాపు కొడుకు: "అన్నా, తుమ్మ ఆకు కూడా తింటరా? ముండ్లు గుచ్చుకోవా?" నాయనా, తుమ్మ అంటే మేకలు మేసే ముండ్ల చెట్టు, బంక కారేది. తుమ్మి అంటే వానలు పడంగనే చెలకల్ల, చేను గట్ల మీద మోకాలెత్తు లేచే మొక్క. కణుపు కణుపుకూ పచ్చటి ఉండ, ఆ ఉండలకెల్లి తొంగిచూసే తెల్లపూలు. రాతల ఒక్క గుడి తేడా. ఆ గుడి తీసేస్తే కూర పోయి పొయ్యిల కట్టె మిగుల్తది.

తర్వాత ఒక పెద్దమనిషి. దీని సంస్కృతం పేరు ద్రోణపుష్పి కాబట్టి ద్రోణాచార్యుడు పూజకు వాడిన పువ్వట. కింద ముప్పై దండాల బొమ్మలు. ద్రోణం అంటే పాత్ర, తొట్టి. పువ్వు గిన్నె లెక్క ఉంటది కాబట్టి ద్రోణపుష్పి. ఆ ఆచార్యుడు కూడా ద్రోణంల పుట్టిండు కాబట్టే ద్రోణుడైండని భారతమే చెప్తది. ఇద్దరికీ పేరు పాత్ర నుంచే వచ్చింది, ఒకరి నుంచి ఇంకొకరికి కాదు. ఇది చెప్తే నాకు భక్తి లేదన్నరు.

ఇంకొకాయన తుమ్మెదలు వాలుతయి కాబట్టి తుమ్మి అన్నడు. వినడానికి బాగుంది. తేనెటీగలు వాలుతయి కూడా, చిన్నప్పుడు మేమూ ఆ పూలు పీకి తేనె చప్పరించినోళ్లమే. కానీ ఒకసారి పక్క భాషలు చూడండి. తమిళంల తుంబై, కన్నడంల తుంబె, మలయాళంల తుంబ. తమిళంల అంబు అంటే మన దగ్గర అమ్ము, కొంబు అంటే కొమ్ము, అట్లనే తుంబై అంటే తుమ్మి. కేరళల ఓణం ముగ్గుల పెట్టే తెల్లపువ్వు ఇదే. అంత పాత మాటకు మనం ఫోన్ల కూర్చొని కొత్త పురాణం ఎందుకు అల్లాలె?

మాది సిరొంచ, మహారాష్ట్రల తెలంగాణ సరిహద్దు ఊరు. 1960ల మహారాష్ట్ర ఏర్పడ్డది, 1982ల గడ్చిరోలి జిల్లా అయింది, ఇంట్ల మాట మాత్రం తెలుగే. బడి మరాఠీ. నా బిడ్డ ఈ మొక్కను చూసి "కుంభా" అంటది, వాళ్ల టీచర్ చెప్పిన పేరు. మొదట నాకు కోపమొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, కుంభం అన్నా కుండే కదా! ద్రోణం అన్నోళ్లకూ కుంభం అన్నోళ్లకూ కండ్లకు కనపడ్డది ఒక్కటే. ఆ పేరుతో నాకు కొట్లాట లేదు. రెండూ వస్తే చాలు. ఒక్కటే వస్తే, అదీ మాది కాకపోతే, కొంచెం గుచ్చుకుంటది, అబద్ధమెందుకు.

మా అవ్వకు ఈ పేర్ల గొడవ ఏదీ తెల్వదు. కార్తీకంల తుమ్మిపూలు కొంగున మూట కట్టుకొని పడవల గోదావరి దాటి కాళేశ్వరం పోయేది. అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, కాబట్టి పూలు సగం సగం. ఒక దేవునికి ఒక్క పువ్వు తక్కువైనా మళ్ల లెక్కపెట్టేది. చవితికి లేత కొసలు మాత్రమే గిల్లి, పెసరపప్పేసి వండేది. ముదురాకు తెస్తే తిట్టేది, చేదని. తుమ్మి అంటే ఏందని నన్నడిగితే నేను చెప్పేది ఇదే: ఎప్పుడు గిల్లాలె, ఎవరికి పెట్టాలె, ఎంత చేదుంటది. నిఘంటువు తర్వాత.

ఇంకోటి, ఇది నవ్వులాట కాదు. "పాము కరిస్తే తుమ్మిరసం ముక్కుల పిండండి" అని గ్రూపుల తిరుగుతున్నది. మా అడవి ఊర్లల్ల దీన్ని నమ్మేటోళ్లున్నరు. దయచేసి పంపకండి. పాము కాటుకు విషానికి విరుగుడు సూదే, అది దవాఖానల ఉంటది, ఎంత జల్ది పోతే అంత మేలు. కూరను కూరగా ఉండనియ్యండి.

చిన్నబాపు కొడుకా, వచ్చే చవితికి రా, తినిపిస్త. కానీ మళ్లొక్కసారి ఈ ఫొటో కింద "తుమ్మ" అని రాసినవంటే గ్రూపుల నుంచి నేనే ఎల్లిపోత.