నడుస్తున్న కంప్యూటర్ ఆగిపోతోందని ఫార్మాట్ కొట్టేయకండి

చేతులు మారుతూ తిరుగుతున్న సలహా ఒకటుంది: “డెస్క్‌టాప్ దానంతటదే ఆగిపోతోందంటే వైరస్ ఉన్నట్టే. ఫార్మాట్ కొట్టి విండోస్ కొత్తగా వేయండి. తగ్గకపోతే ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దండి, మదర్‌బోర్డు మీది సెల్ మార్చండి. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) ఫ్యాన్ తిరుగుతుంటే పవర్ సప్లై బాగున్నట్టే.” దీన్ని నమ్మి ఫైళ్లు పోగొట్టుకున్నా, అసలు లోపం అలాగే మిగిలిపోతుంది.

“వైరస్ ఉన్నట్టే.” కాదు. 2024 జులై 19న సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ తన సాఫ్ట్‌వేర్‌కు పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ ఫైలుతో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ కంప్యూటర్లు బ్లూ స్క్రీన్‌తో (ఎర్రర్ చూపించే నీలం తెరతో) పడిపోయాయి. అది వైరస్‌ల నుంచి కాపాడే సాఫ్ట్‌వేరే! సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఫైలు తీసేస్తే సరిపోయింది, ఫార్మాట్ అవసరమే రాలేదు.

“ఫార్మాట్ కొట్టండి.” ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. కంప్యూటర్ ఎందుకు ఆగిందో చెప్పే ఆధారాలన్నీ సి డ్రైవ్‌లోనే ఉంటాయి, ఫార్మాట్‌తో అవి తుడిచిపెట్టుకుపోతాయి. పైగా లోపం ర్యామ్‌లో ఉంటే, కొత్తగా వేసే విండోస్ ఫైళ్లు కూడా ఆ ర్యామ్ గుండానే డిస్క్‌కు చేరతాయి. అంటే మొదటి రోజు నుంచే పాడైన విండోస్.

ముందు విండోస్ రాసుకున్న నమోదులను చూపే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్‌లో కెర్నల్ పవర్ 41 అనే నమోదు కోసం చూడండి. దాన్ని చూడగానే పవర్ సప్లై పోయిందని తేల్చేస్తారు చాలామంది. అదీ తప్పే. కిందటిసారి సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే 41 చెబుతుంది. డీటెయిల్స్ ట్యాబ్‌లో బగ్‌చెక్ కోడ్ (ఎందుకు పడిపోయిందో సూచించే అంకె) చూడాలి. 292 ఉంటే హార్డ్‌వేర్ లోపం నమోదైనట్టు. 26 అయితే మెమరీ నిర్వహణలో తేడా, అంటే ర్యామ్ గానీ ఏదైనా డ్రైవర్ గానీ. 278 అయితే గ్రాఫిక్స్ డ్రైవర్ స్పందించడం మానేసి మళ్లీ కోలుకోలేదు. 0 ఉంటే విండోస్‌కు ఏమీ రాసుకునే వ్యవధి కూడా దొరకలేదు: కరెంటు అందడం ఆగిపోయింది, లేదా పూర్తిగా హ్యాంగ్ అయితే మీరే రీసెట్ నొక్కారు. బ్లూ స్క్రీన్ కనబడీ కనబడకుండా మాయమవుతుంటే, సిస్టమ్ ప్రాపర్టీస్‌లోని స్టార్టప్ అండ్ రికవరీలో ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్ తీసేయండి.

కొన్ని లోపాలను ఎన్ని ఫార్మాట్లు కొట్టినా అందుకోలేం. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని మితిమీరిన వోల్టేజీ తీసుకుని క్రమంగా దెబ్బతిన్నాయి. 2024 ఆగస్టు నుంచి ఇంటెల్ బయాస్ (మదర్‌బోర్డులో ఉండే తొలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ల ద్వారా మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాలు) సవరణలు ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను మాత్రం ఆ సవరణ బాగుచేయదు, వారంటీలో మార్పించుకోవాల్సిందే.

“ర్యామ్‌ను రబ్బరుతో రుద్దండి.” రుద్దాక పనిచేసిందంటే చాలాసార్లు తీసి మళ్లీ గట్టిగా పెట్టడం వల్లే. రబ్బరు పొడి స్లాట్‌లో పడుతుంది, పల్చటి బంగారు పూత అరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు. పరీక్షకు మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి నాలుగు పాస్‌లు (పరీక్ష నాలుగు విడతలు) నడవనివ్వండి. ఒక్క ఎర్రర్ వచ్చినా తేలిగ్గా తీసుకోవద్దు. వస్తే బయాస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్ వేగం పెంచే సెట్టింగు) ఆపి మళ్లీ నడపండి. ఈసారి రాకపోతే ర్యామ్ పోలేదు, దాన్ని పరిగెత్తిస్తున్న వేగం ఎక్కువైంది. అప్పటికీ వస్తుంటే ఒక్కో ర్యామ్‌నే ఉంచి, ఒకే స్లాట్‌లో విడివిడిగా పరీక్షించండి.

“సెల్ మార్చండి.” ఆ 3 వోల్టుల సెల్ గడియారాన్ని, బయాస్ సెట్టింగులను కంప్యూటర్‌కు కరెంటు లేనప్పుడు నిలిపి ఉంచేందుకే. తేదీ వెనక్కి పోతుంటే మార్చండి. ఆట మధ్యలో కంప్యూటర్ ఆగిపోతే దాన్ని అనుమానించి లాభం లేదు.

“ఫ్యాన్ తిరుగుతుంటే బాగున్నట్టే.” ఎస్‌ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే ప్లగ్‌లో ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు కలిపితే ఫ్యాన్ తిరగడం కూడా ఇలాంటిదే: ఎస్‌ఎంపీఎస్ ఆన్ అవుతోందని తెలుస్తుంది గానీ లోడ్ మోస్తుందో లేదో తెలియదు. గేమ్ నడుస్తుండగా ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే 12 వోల్టుల పసుపు వైరు దగ్గర మల్టీమీటర్‌లో 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉండాలి. అంతకు తగ్గితే లోపం దొరికినట్టే. తగ్గకపోయినా నిర్దోషి అనలేం, ఎందుకంటే గ్రాఫిక్స్ కార్డు ఒక్కసారిగా గుంజినప్పుడు మిల్లీసెకన్ల పాటు పడే వోల్టేజీని మామూలు మీటర్ పట్టుకోలేదు. అందుకని గ్రాఫిక్స్ కార్డు పవర్ లిమిట్‌ను (అది గుంజగల కరెంటు పరిమితిని) 70 శాతానికి తగ్గించి అదే గేమ్ నడపండి. ఆగిపోవడం తగ్గితే అనుమానం ఎస్‌ఎంపీఎస్, గ్రాఫిక్స్ కార్డు, వాటి మధ్య కేబుళ్ల దగ్గరకు చేరినట్టే. కార్డుకు రెండు 8 పిన్ సాకెట్లుంటే ఒకే కేబుల్ రెండు కొసలు పెట్టకుండా వేర్వేరు కేబుళ్లు ఇవ్వండి. ఆ తర్వాత సరిపడా సామర్థ్యం ఉన్న మరో ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూడండి, దాని సొంత కేబుళ్లతోనే. పాతదాన్ని విప్పి చూడాలని మాత్రం అనుకోవద్దు: ప్లగ్ పీకేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన చార్జ్ మిగిలి ఉండొచ్చు.