లెర్నింగ్ అవుట్‌కమ్: గేదె పాలు

ఏదన్నా ఫెస్టివల్లో గంటన్నర క్లాస్ చెప్దామనుకుంటున్నారా? పని వచ్చా రాదా అనేది తర్వాత సంగతండీ, ముందు ప్రపోజల్ రాయడం వచ్చా?

హైదరాబాద్‌లో ఒక క్రాఫ్ట్ ఫెస్టివల్ వాళ్ళు (పేరెందుకులెండి, అన్నీ ఒకలాగే ఏడుస్తాయి) వర్క్‌షాపులకి ప్రపోజల్స్ అడిగారు. శ్రీకాళహస్తిలో మా చిన్నాయన నలభై ఏళ్ళుగా కలంకారీ వేస్తాడు. ఫారం ఇంగ్లీషులో ఉందని నన్ను పిలిచాడు, నాలుగు ముక్కలు రాసి పడేద్దాంలే అని కూర్చున్నా. ఇరవై రెండు ప్రశ్నలు!

మొదటిది టైటిల్. ‘క్యాచీ’గా ఉండాలంట. చిన్నాయన ‘కలంకారీ’ అన్నాడు. అంతేనా అన్నా. "ఇంకేముంటది నాయినా, చేసేది అదే గదా."

తర్వాత లెర్నింగ్ అవుట్‌కమ్స్, అంటే క్లాసయ్యేసరికి జనానికి ఏం వస్తుందో. మూడు రాయాలి, ‘అర్థం చేసుకుంటారు’ లాంటి మాటలు పనికిరావు, ‘గీస్తారు’, ‘కలుపుతారు’ లాంటి యాక్షన్ వెర్బులే కావాలని కింద చిన్నక్షరాల్లో హెచ్చరిక. 1956లో అమెరికాలో బెంజమిన్ బ్లూమ్ బృందం చదువుకి మెట్లు కట్టింది, పాపం వాళ్ళు కాలేజీల వాళ్ళకోసం ఏదో చేసుకుంటే మనోళ్ళు దాన్ని తెచ్చి చిన్నాయన మెడకి కట్టారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే చేతిపనుల కోసం పాటుపడ్డ కమలాదేవి చటోపాధ్యాయ పూనుకోబట్టి కాళహస్తిలో కలంకారీ శిక్షణ కేంద్రం వచ్చి, ఆరిపోయే విద్య నిలబడింది. అప్పటి గురువుల చేత యాక్షన్ వెర్బులు రాయించారంటే నేనైతే నమ్మను.

"గంటన్నరలో జనం ఏం నేర్చుకుంటారు చిన్నాయనా?"

"కలం పట్టుకోవడం."

"ఇంకా?"

"అదొస్తే చాల్దా?"

నిజమే. కలమంటే వెదురుపుల్ల, దానికి చుట్టిన గుడ్డ, బిగించిన దారం, అంతే. ఆ గుడ్డని వేళ్ళతో ఎంత నొక్కితే అంత రంగు దిగుతుంది. ఓసారి నా చేతికిచ్చాడు, గీత గీయమంటే వానపాము పడింది.

ఇక నిమిషాల వారీ ప్లాన్. నల్లరంగు కావాలంటే తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కుండలో నీళ్ళు పోసి మూడు వారాలు పులియబెట్టాలి. దానికి ఫారంలో ఐదు నిమిషాల గడి ఇచ్చారు. మెటీరియల్స్ దగ్గర కరక్కాయ, పటిక, గేదె పాలు అని రాశాం, గుడ్డని పాలు, కరక్కాయల్లో తడపకపోతే రంగు పాకిపోతుంది మరి. రెండ్రోజులకి ఒకమ్మాయి ఫోన్, చాలా మర్యాదగా: "అంకుల్, ఓట్ మిల్క్‌తో అవుతుందా?"

చిన్నాయన ఫోన్ చెయ్యడ్డం పెట్టి నన్నడిగాడు: "ఓటుకి ఇప్పుడు పాలు గూడా ఇస్తన్నారా?"

నేను వివరించా, ఓట్స్ అంటే ధాన్యమని, దాన్ని నానబెట్టి రుబ్బి వడగడితే పాలని. మొత్తం విని, "దానికి దూడ ఉంటదా?" అన్నాడు. ఆ అమ్మాయి ఇంకా లైన్లోనే ఉంది.

రిజెక్ట్ చేశారు. ‘స్కోప్‌లో క్లారిటీ లేదు’ అంట. సెలెక్ట్ అయింది ఏందంటే ‘ఇంక్ అండ్ ఇంట్యూషన్: కలంకారీ ఫర్ మైండ్‌ఫుల్ లీడర్స్’. చెప్పేది ఒక కన్సల్టెంట్ గారు, కాళహస్తితో ఆయన అనుబంధం రాహుకేతు పూజకొచ్చి వెళ్తూ దుపట్టా కొన్నంత. క్లాసులో మార్కర్ పెన్నులతో సంచుల మీద నెమళ్ళు వేయిస్తారంట. కోలన్ మాత్రం చక్కగా ఉంది, కాదన్ను.

ఇక్కడిదాకా నవ్వుకున్నా. తర్వాత ఇంకో మెయిలొచ్చింది. చిన్నాయన ఫుడ్ కోర్ట్ పక్కన ‘లైవ్ ఆర్టిజన్ కార్నర్’లో రెండ్రోజులు కూర్చుని బొమ్మలేస్తే జనం ఫొటోలు దిగుతారంట. దీనికి ప్రపోజల్ అక్కర్లేదు! డబ్బుల్లేవు, ఎక్స్‌పోజర్ ఇస్తారంట. ఏరా, నలభై ఏళ్ళు పనిచేసినాయన నోరు తెరిచి చెప్పడానికి పనికిరాడు గానీ జూలో జంతువులాగా కూర్చోడానికి పనికొస్తాడా? ఆయన పని మీద బతికే మీకు ఆయనకి బస్సు చార్జీ ఇవ్వడానికి చేతులు రావా? సిగ్గుండాలి.

ఇదే నేను అరుస్తుంటే చిన్నాయన మెయిల్ అంతా చదివించుకుని, కాసేపు ఆగి అడిగాడు: "పాలు వాళ్ళే తెస్తారంటనా, మనమే తీస్కపోవాల్నా?"