మూడో అంతస్తు మీటరు

(కొత్త ఆఫీసు బిల్డింగ్‌కి కరెంటు బిల్లు అనుకున్నదానికంటే ఎక్కువ వస్తోంది. ప్లాను గీసిన ఆర్కిటెక్ట్‌కీ, డిజైన్‌దీ తప్పుందని, కరెంటు ఎక్కడ పోతోందో కొలవడానికి అంతస్తుకో మీటరు పెట్టాలని అంటున్న మెయింటెనెన్స్ ఇంజనీర్‌కీ మాటామాటా పెరిగింది.)

ఆర్కిటెక్ట్: బిల్లు పెరిగితే డిజైన్‌ని అంటారేంటండీ? కరెంటు ఆదా ప్లాను దగ్గరే మొదలవుతుంది. హైదరాబాద్‌లో 2004లో ప్రారంభమైన, పరిశ్రమల సమాఖ్య సీఐఐ వాళ్ల గ్రీన్ బిజినెస్ సెంటర్ చూడండి. మధ్యలో ఖాళీ ఆవరణ, జాలీ గోడలు, గాలిని ముందే చల్లబరిచే టవర్లు. మీరు ఎన్ని మీటర్లు బిగించినా పడమటెండ ఆగదు.

ఇంజనీర్: మరి పడమటి వైపు నిలువెత్తు అద్దాలెందుకు పెట్టారు మేడమ్?

ఆర్కిటెక్ట్: ఓనరు గారికి అద్దాలే కావాలి. బయట నీడకి సజ్జాలు గీస్తే ఖర్చని తీసేయించారు. మీరేమో బ్లైండ్స్ దింపి పట్టపగలు లైట్లు వేయిస్తున్నారు.

ఇంజనీర్: మూడింటికి ఆ వరసలో కూర్చుని చూడండి, స్క్రీన్ మీద అక్షరం కనబడదు.

ఆర్కిటెక్ట్: సజ్జాలుంటే కనబడేది. నేను చెప్పేదీ అదే.

ఇంజనీర్: అది ఒప్పుకుంటాను. కానీ హైదరాబాద్ దగ్గర పోచారం ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో ఒక బిల్డింగ్‌లో సగానికి మామూలు సెంట్రల్ ఏసీ, సగానికి శ్లాబులో పైపులేసి చల్లటి నీళ్లు పారించే పద్ధతి పెట్టారు. రెండేళ్లు విడివిడిగా కొలిచారు. పైపుల వైపు ఏసీ కరెంటు 34 శాతం తక్కువ. కొలవకపోతే ఆ సంగతి ఎవరికి తెలిసేది?

ఆర్కిటెక్ట్: ఆ పైపులు శ్లాబు పోసేటప్పుడే వేయాలి. ఆ 34 శాతం మిగిల్చింది మీటరు కాదు.

ఇంజనీర్: నిజమే మేడమ్. శ్లాబు పోసేశాక నేను చేయగలిగింది తక్కువే. కానీ రోజూ నా కళ్లముందు జరిగేది కూడా వినండి. రెండో అంతస్తులో గోడమీది సెన్సర్ కిందే ఎవరో ప్రింటర్ పెట్టారు. దాని వేడికి సెన్సర్ 28 డిగ్రీలు చూపిస్తుంది, ఏసీ ఇంకా చల్లబరుస్తుంది. అక్కడ ఆడపిల్లలు మే నెలలో శాలువాలు కప్పుకుని, ఏసీ గ్రిల్‌కి అట్టముక్కలు అతికించుకున్నారు. ఇది ఏ ప్లానులో కనిపిస్తుంది? మూడో అంతస్తు ఏసీ ప్యానెల్‌కి బతిమాలి ఒక మీటరు పెట్టించాను. చూస్తే ఆదివారం రాత్రి రెండింటికి, తాళం వేసిన అంతస్తులో బ్లోయర్ తిరుగుతోంది! ఎప్పుడో శనివారం మీటింగ్ కోసం టైమర్‌ని మాన్యువల్‌లో పెట్టి, తిరిగి ఆటోకి మార్చలేదు. నాలుగు నెలలు. చూసుకోవాల్సింది నేనే, నాకే తెలియలేదు.

ఆర్కిటెక్ట్: మిగతా అయిదు అంతస్తులు?

ఇంజనీర్: తెలియదు మేడమ్. అక్కడ మీటర్లు లేవు.