ఫ్రీజర్‌లోంచి తీసిన ల్యాప్‌టాప్ స్కోరు ఎవరికి కావాలి?

"చిన్న ల్యాప్‌టాప్ అసలు సత్తా తెలియాలంటే ఈ ఐదూ చేయండి" అనే మెసేజ్ మళ్లీ మళ్లీ వస్తోంది. చూసీ చూడనట్టు వదిలేద్దామంటే అందులో ఒక చిట్కా మెషీన్‌నే పాడుచేస్తుంది.

ర్యామ్ బూస్టర్ యాప్ వేయాలట. అక్కర్లేదు. ఖాళీ ర్యామ్‌ని విండోస్ క్యాష్‌గా, అంటే మళ్లీ కావాల్సిన డేటాని దగ్గర పెట్టుకునే చోటుగా, వాడుకుంటుంది, దాన్ని తుడిచేస్తే నష్టమే. పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే చోటు) తీసేయాలట. 8 జీబీ మెషీన్‌లో అలా చేస్తే టెస్ట్ మధ్యలోనే ప్రోగ్రాం మూసుకుపోవచ్చు.

ప్రాసెసర్ సత్తాకి స్కోరిచ్చే సినీబెంచ్ టెస్ట్ ఒక్కసారి నడిపితే చాలట. సన్నటి మెషీన్‌లో మొదటి స్కోరే ఎక్కువ మోసం చేస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్ మొదట కొన్ని సెకన్లు పీఎల్2 (కొద్దిసేపటి పవర్ పరిమితి) దాకా వాట్లు లాగి, తర్వాత పీఎల్1కి (ఎక్కువసేపటి పరిమితి) దిగుతుంది. 40 వాట్లతో మొదలై 15కి పడిపోయే మెషీన్లున్నాయి. సినీబెంచ్ ఆర్23 వెర్షన్‌లో 10 నిమిషాల టెస్టే నడపండి, పక్కన హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే యాప్‌లో ప్యాకేజ్ పవర్ (ప్రాసెసర్ లాగే మొత్తం వాట్లు), ఉష్ణోగ్రత లాగ్ చేయండి. 75 డిగ్రీల దగ్గరే వాట్లు తగ్గితే అది చాలావరకు కంపెనీ పెట్టిన హద్దు. 95 దాటాక తగ్గితే కూలింగ్ చాలడం లేదు.

ఇక అసలు ప్రమాదం: "పావుగంట ఫ్రీజర్‌లో పెట్టి, తీయగానే చార్జర్ పెట్టి టెస్ట్ చేయండి." ఇంటి ఫ్రీజర్ దాదాపు −18 డిగ్రీలు. మే నెలలో విశాఖ గాలి డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) 25 డిగ్రీలు దాటుతుంది. అంతకన్నా చల్లగా ఉన్న ప్రతిదాని మీదా నీరు పడుతుంది, మదర్‌బోర్డు మీదా, ఎస్‌ఎస్‌డీ కనెక్టర్ మీదా. ఆ తడి మీద కరెంటు ఇవ్వమంటున్నారు! బ్యాటరీ సెల్ 0 డిగ్రీల కిందికి వెళ్లి ఉంటే, చార్జింగ్‌లో దాని ఆనోడ్ (లోపలి ఒక ఎలక్ట్రోడ్) మీద లిథియం లోహంగా పేరుకుంటుంది, పోయిన కెపాసిటీ తిరిగి రాదు. రక్షణ సర్క్యూట్ చార్జింగ్‌ని ఆపినా, తడిని ఆపలేదు కదా. పోనీ, ఏమీ కాలేదనుకుందాం. ఆ స్కోరు దేనికి పనికొస్తుంది? మీరు రోజూ ఫ్రీజర్‌లో కూర్చుని పని చేస్తారా?

గట్టి బల్ల మీద పెట్టండి, గది ఉష్ణోగ్రత రాసుకోండి. మెషీన్‌తో వచ్చిన చార్జరే వాడండి, తక్కువ వాట్ల ఫోన్ చార్జర్ పెడితే స్కోరు పడిపోతుంది. పవర్ మోడ్ 'బెస్ట్ పర్ఫార్మెన్స్'లో ఉంచండి. కొత్త మెషీన్‌లో అప్‌డేట్లు, ఇండెక్సింగ్ (వెతకడానికి విండోస్ ఫైళ్ల జాబితా రాసుకోవడం) పూర్తయి, ఏ పనీ లేనప్పుడు సీపీయూ 2–3 శాతానికి దిగాక మొదలుపెట్టండి. మధ్యలో 10 నిమిషాలు ఆపుతూ మూడుసార్లు నడిపి, నడిమి స్కోరు తీసుకోండి.

ఐదో చిట్కా మాత్రం ఒప్పుకోవాల్సిందే: "బ్యాటరీ మీద కూడా టెస్ట్ చేయండి." ఇది చాలామంది వదిలేస్తారు. చార్జర్ తీస్తే కొన్ని మెషీన్లు పవర్ పరిమితిని బాగా తగ్గించేస్తాయి, చిన్న ల్యాప్‌టాప్ కొనేదేమో చార్జర్ లేకుండా తిరగడానికే. బ్యాటరీ 80 శాతం పైన ఉంచి, బ్యాటరీ సేవర్ ఆపి, అదే 10 నిమిషాల టెస్ట్ నడపండి. రెండు స్కోర్లూ పక్కపక్కన రాయండి.